చిన్న చేపల వేట పడవకు కొత్త నేల, కొత్త దీపాలు: సొంతంగా అమర్చుకునేవారు ఏది ఎంచుకోవాలి

నాలుగు నుంచి ఆరు మీటర్ల పొడవున్న చేపల వేట పడవను సొంత చేతులతో మెరుగుపరచుకోవాలనుకునేవారు సాధారణంగా రెండు పనులు తలపెడతారు. ఒకటి కాలు జారని నేల, రెండవది చీకటిలో గాలం కట్టుకోవడానికి, వల సర్దుకోవడానికి సరిపడే వెలుతురు. ఈ రెండూ పెద్ద యంత్రాలేవీ లేకుండా, కొలతలో జాగ్రత్త, పనిలో ఓపిక ఉన్న ఎవరైనా చేయగలిగినవే. అయితే దొరికే రకాలు చాలా ఎక్కువ కావడంతో, రంగు, మెరుపు చూసి కొన్నవారు ఏడాది తిరగకముందే అంచులు లేచిన నేలతో, సగం మాత్రమే వెలిగే దీపాల పట్టీతో మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది. అందువల్ల ఎంపిక పైకి కనిపించే వస్తువుతో మొదలు కాకూడదని నా గట్టి అభిప్రాయం. నేల విషయంలో దాని కిందికి చేరిన నీరు ఎటు పోతుంది, దీపం విషయంలో దాని వెనుక ఉన్న తీగ ఎలాంటిది అన్న రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానం చూసుకోవాలి.

ఈ రెండు పనులను వేర్వేరుగా కాక, కలిపి ఆలోచించడానికి మరో కారణం ఉంది. తీగలు సాధారణంగా నేల కిందనుంచో, పక్క గోడల వెంబడో పోతాయి. నేల అతికించిన తరువాత దీపాల సంగతి తలచుకుంటే, కొత్తగా వేసిన నేలనే కోయవలసి వస్తుంది. అలాగే నేల రంగును బట్టి ఎంత దీపం కావాలన్నది మారుతుంది. లేత బూడిద రంగు నేల తక్కువ వెలుతురును కూడా పైకి తిప్పి పంపుతుంది. నల్లని నేల దాన్ని మింగేస్తుంది. మెరిసే తెల్లని నేల మాత్రం రాత్రివేళ కళ్లను మిరుమిట్లు గొలిపి, పడవ బయటి చీకటిలో ఏముందో కనిపించకుండా చేస్తుంది.

పడవ స్వభావం, బరువు

ఎంపికను నిర్ణయించే మొదటి విషయం పడవ దేనితో తయారైందన్నది కాగా, రెండవది వేట లేని రోజుల్లో అది ఎక్కడ ఉంటుందన్నది. నిత్యం నీటిలోనే ఉండే పడవకూ, పని అయ్యాక ఒడ్డుకు లాగి కప్పు కింద ఉంచే పడవకూ ఒకే నేల సరిపోదు. కప్పు కింద ఆరే పడవలో తివాచీ కూడా కొన్నేళ్లు నిలుస్తుంది. ఎండకూ వానకూ విడిచిపెట్టిన పడవలో అదే తివాచీ కింది చెక్కను కుళ్లబెడుతుంది. పాదరక్షలు లేకుండా పడవలో తిరిగేవారు నేల వేడిని, గరుకుదనాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పడవ ఎక్కేవారిలో పిల్లలో, వయసు మళ్లినవారో ఉంటే, అందరికంటే తడబడుతూ నడిచే వ్యక్తి పాదాలకు ఏది సరిపోతుందో అదే ఆ పడవకు సరైన నేల.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు దాదాపు ఆరు నుంచి ఎనిమిది కిలోలు తూగుతుంది; పది మిల్లీమీటర్ల గట్టి రబ్బరు పరుపు పన్నెండు కిలోలకు పైగా ఉంటుంది; ఆరు మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (మెత్తని ప్లాస్టిక్ నురుగు పలక) మాత్రం సుమారు ఒక కిలో. మూడు చదరపు మీటర్ల నేలకు ఈ తేడా ఒక మనిషి బరువులో సగం వరకు పోతుంది. అయితే పలక బరువు కంటే ముఖ్యమైన ప్రమాదం ఎత్తులో ఉంది. నిలబడి గాలం విసరడానికి వీలుగా చిన్న పడవలో ఎత్తైన వేదికలు కట్టే అలవాటు ఉంది. వేదిక ముప్ఫై సెంటీమీటర్లు లేచిందంటే దానిపై నిలబడిన మనుషుల బరువంతా ముప్ఫై సెంటీమీటర్లు పైకి పోయినట్లే. వెడల్పు తక్కువ ఉన్న పడవలో ఇది ఒరుగును గణనీయంగా పెంచుతుంది. ఒకటిన్నర మీటరుకు మించి వెడల్పు లేని పడవలో నేలను వీలైనంత కిందనే ఉంచి, కూర్చుని వేటాడే ఏర్పాటు చేసుకోవడం మేలు. పడవ మీద తయారీదారు రాసిన గరిష్ఠ బరువులో కొత్త నేల, బ్యాటరీ కూడా భాగమేనని గుర్తుంచుకోవాలి.

పాత నేల విప్పినప్పుడు కింద ఫోమ్ దిమ్మెలు కనిపిస్తే, అవి ఖాళీ నింపడానికి పెట్టినవని భావించి తీసివేయకూడదు. పడవ నీటితో నిండినా మునిగిపోకుండా తేల్చేవి అవే. నీరు పీల్చి బరువెక్కినవాటిని మాత్రం తొలగించి, అంతే పరిమాణంలో నీరు పీల్చని మూసిన గదుల ఫోమ్‌ను తిరిగి అమర్చాలి.

పై పొర కంటే ముందు అడుగు పలక

పై పొర ఏదైనా, దాని జీవితకాలాన్ని నిర్ణయించేది కింది పలకే. కాబట్టి ఉన్న పలకను స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా గట్టిగా పొడిచి చూడాలి. ముఖ్యంగా అమరం వైపు మూలల్లో, మేకుల చుట్టూ. మొన సులువుగా దిగబడిన చోట చెక్క లోపల కుళ్లినట్లే, అటువంటి పలకపై ఎంత ఖరీదైన పొర వేసినా వృథా.

కొత్త పలక వేసేటప్పుడు మామూలు ప్లైవుడ్ కంటే బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణానికి తయారైన మెరైన్ ప్లైవుడ్ మంచిది. అయితే ఈ పేరు ఒక అపోహకు తావిస్తోంది. మెరైన్ ప్లైవుడ్ కుళ్లని చెక్క కాదు. దాని పొరలను అతికించిన జిగురు మరిగే నీటిని కూడా తట్టుకుంటుంది, లోపలి పొరల్లో ఖాళీలు దాదాపు ఉండవు, అంతే. లోపల ఉన్నది చెక్కే కనుక తడి నిలిస్తే అది కూడా కుళ్లుతుంది. అందుకే కోసిన ప్రతి అంచుకూ రెండు మూడు పూతల ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్) పట్టించాలి. మర వచ్చే చోట పెద్ద రంధ్రం వేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్య సరైన కొలతలో మళ్లీ రంధ్రం వేస్తే, మర వెంట దిగే నీరు చెక్కను తాకదు. ఈ చిన్న పనికి ఒక రోజు అదనంగా పట్టవచ్చు, కానీ నేల ఆయుష్షు చాలావరకు ఇక్కడే నిర్ణయమవుతుంది.

అల్యూమినియం పడవ ఉన్నవారు మరొక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. చెదలు, కుళ్లు పట్టకుండా రాగి లవణాలతో శుద్ధి చేసిన కలపను అల్యూమినియానికి ఆనించి ఎప్పుడూ వాడకూడదు. తడి తగిలినప్పుడు ఆ రాగి అల్యూమినియాన్ని తినివేసి, చివరకు పడవ అడుగుకు చిల్లులు పడేలా చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు కూడా ఉప్పునీటి సమక్షంలో తమ చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని కొంతవరకు దెబ్బతీస్తాయి. వాటికి లోహాలను విడదీసే పేస్టు పూసి బిగించాలి, లేదా అల్యూమినియం రివెట్లు వాడాలి.

పలకను గోడ నుంచి గోడకు బిగుతుగా కోయకుండా చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల సందు వదలాలి. చెక్క తేమకు ఉబ్బుతుంది; అంతకంటే ముఖ్యంగా, పైన పడిన నీరు ఆ సందులగుండా దిగి పంపు ఉన్న చోటికి చేరాలి. నీరు తోడే పంపు, అడుగు బిరడా, ఇంధన గొట్టం ఉన్న చోట్లలో చేత్తో ఎత్తగలిగే మూత తప్పనిసరి. మొత్తం నేలను ఒకే పలకగా కాక, మరలు విప్పి బయటికి తీయగల మూడు నాలుగు ముక్కలుగా చేసుకోమని నా సలహా. అప్పుడు ఏ ముక్క పాడైతే ఆ ముక్కనే మార్చుకోవచ్చు, ఏడాదికి ఒకసారి అన్నింటినీ తీసి ఎండబెట్టవచ్చు.

పై పొర: ఏది ఎవరికి

తివాచీ గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే పాత పడవల్లో ఎక్కువగా కనిపించేది అదే. పాలీప్రొపిలీన్ దారంతో చేసిన పడవ తివాచీ కాలికి మెత్తగా ఉంటుంది, ఎండకు అంతగా వేడెక్కదు, అడుగుల చప్పుడును బాగా అణచివేస్తుంది. దాని దారం కుళ్లదు కూడా. అయితే అది నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీరు కింద ఉన్న చెక్కను కుళ్లబెడుతుంది. నేరుగా అల్యూమినియం మీద అతికిస్తే మరీ ప్రమాదం. గాలి తగలకుండా ఎప్పుడూ తడిగా ఉండే చోట ఆ లోహం గుంటలు పడుతూ తినివేయబడుతుంది. చేప రక్తం, ఎర ముక్కలు నారల్లోకి దిగితే వాసన పోదు, గాలపు ముల్లు గుచ్చుకుంటే కత్తిరించి తీయవలసిందే. నీటిలో నిత్యం ఉండే పడవకూ, ఉప్పునీటి పడవకూ తివాచీని నేను సిఫారసు చేయను. మంచినీటి చెరువుల్లో వేటాడి, పడవను కప్పు కింద ఉంచేవారు, అందులోనూ అతికించకుండా బొత్తాములతో బిగించి, విప్పి ఆరవేసుకునేలా అమర్చుకునేవారు మాత్రమే దాన్ని ఎంచుకోవచ్చు.

ఈవీఏ ఫోమ్ ఇప్పుడు ఎక్కువమంది చూపు పడుతున్న రకం. ఐదారు మిల్లీమీటర్ల మందం ఉన్న ఈ పలకల వెనుక జిగురు ముందే ఉంటుంది, గదులు మూసి ఉన్న ఫోమ్ కనుక నీరు పీల్చదు, తడిసినా కాలు పట్టు బాగుంటుంది. గంటల తరబడి నిలబడేవారి మోకాళ్లకు అది ఇచ్చే ఉపశమనం నిజమైనదే. చప్పుడు విషయంలో కూడా దానిదే పైచేయి. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుంది. అల్యూమినియం నేలపై పడిన సీసపు గుండు చప్పుడు పడవ చుట్టూ ఉన్న లోతులేని నీటిలోని చేపలను బెదరగొట్టగలదు.

ఈవీఏ బలహీనతలను కూడా అంతే స్పష్టంగా చెప్పుకోవాలి. కత్తి మొన, గాలపు ముల్లు, లంగరు కొన దాన్ని సులువుగా చింపుతాయి. ముదురు రంగు ఫోమ్ ఎండలో ఒట్టి కాలు మోపలేనంతగా వేడెక్కుతుంది, కాబట్టి లేత రంగే తీసుకోవాలి. వ్యాయామశాలల్లో, పిల్లల గదుల్లో పరిచే ముక్కలు చూడటానికి ఇలాగే ఉన్నా, ఎండను తట్టుకునే రసాయనాలు కలపనివి పడవలో ముడుచుకుపోయి సందులు తెరుచుకుంటాయి. కాబట్టి పడవలకే తయారైన పలకలు తప్ప వేరేవి వద్దు. అతికించే పని కూడా ఓర్పుతో చేయవలసినదే. ముందు కాగితంతో నమూనా కోసి, పడవలో పరిచి చూసి, మూలలను గుండ్రంగా కోయాలి, ఎందుకంటే పదునైన మూలే మొదట లేస్తుంది. ఫైబర్ నేల అయితే మైనపు పొరను తీసివేసి, ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది, అసిటోన్‌తో తుడవాలి. కొత్తగా వేసిన రంగు పూర్తిగా గట్టిపడకముందే అతికిస్తే, జిగురు రంగుతో సహా ఊడివస్తుంది. పలకలను అంచుల దాకా లాగకుండా, ముక్కల మధ్య వేలి వెడల్పు దారి వదిలితే నీరు అందులోంచి పారిపోతుంది. ఒకసారి అతికినదాన్ని తీయడం చాలా కష్టం, పాత జిగురు గీకడానికి అతికించిన సమయానికి మించి పడుతుంది. అందువల్ల విప్పగలిగే పలకలపైనే దాన్ని అతికించడం తెలివైన పని.

జారని రంగు పూత అన్నింటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది, నా దృష్టిలో కష్టమైన పనికి వాడే పడవకు అన్నింటికంటే తగినది. నీరు నిలవదు, ముల్లు గుచ్చుకోదు, బకెట్టు నీళ్లతో రక్తం కడిగేయవచ్చు, అరిగిన చోట మళ్లీ పూయవచ్చు. ఎపాక్సీ బలంగా పట్టుకున్నా ఎండకు పొడిపొడిగా రాలుతుంది కనుక దాన్ని కింది పూతగా ఉంచి, పైన పాలీయురేథేన్ పూయాలి. రెండు భాగాలు కలిపే పాలీయురేథేన్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హానికరం. దాన్ని తుంపరగా చల్లకుండా రోలర్‌తోనే, ఆరుబయట, తగిన మాస్కు ధరించి వేయాలి. అల్యూమినియాన్ని రుద్దిన వెంటనే దానిపై ఆక్సైడ్ పొర మళ్లీ ఏర్పడటం మొదలవుతుంది కాబట్టి, అదే రోజు ఆ లోహానికి తగిన ప్రైమరు వేయకపోతే పూత పొరలుగా లేస్తుంది. గరుకుదనం కోసం ఇసుక చల్లితే పట్టు గట్టిగా ఉంటుంది కాని, మోకాళ్లపై కూర్చునేవారి చర్మం గీసుకుపోతుంది. సన్నని ప్లాస్టిక్ గుళికలు ఆ బాధను చాలావరకు తగ్గిస్తాయి. నిలబడే చోట ముతకగా, కూర్చునే చోట సన్నగా వేసుకోవడం ఇంకా మంచిది. చప్పుడును మాత్రం రంగు అణచలేదు.

అల్లిన వినైల్ తివాచీకీ, ఈవీఏకూ మధ్యస్థమైనది. తివాచీలా నీరు పీల్చదు, ఈవీఏలా సులువుగా చిరగదు, కానీ కోసిన అంచులు పోగులు లేస్తాయి కనుక వాటిని పట్టీతో మూయాలి. విడిగా పరిచే రబ్బరు పరుపులు బరువు ఎక్కువైనా, రంగు వేసిన నేలపై చుక్కాని దగ్గర ఒక్క ముక్క పరచుకుంటే కాలికి మెత్తదనం, చప్పుడుకు అడ్డు రెండూ దొరుకుతాయి. గళ్ల అచ్చు వేసిన అల్యూమినియం రేకు అందంగా కనిపించినా, తడిసి చేపల జిగట అంటితే జారుతుంది, ఎండలో కాలుతుంది.

దీపాలు: మొదట చట్టం అడిగేవి

రాత్రి నీటిపై తిరిగే పడవకు వెలుతురు రెండు అవసరాలు తీరుస్తుంది: తాను ఇతరులకు కనబడటం, తన పని తనకు కనబడటం. మొదటిదానికి ప్రాధాన్యం ఇవ్వాలి, దానిలో ఇష్టాయిష్టాలకు చోటు లేదు. సముద్రంలో పడవలు ఢీకొనకుండా ఏర్పరచిన 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం, 12 మీటర్ల లోపు యంత్రపు పడవ ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ దీపాలతో పాటు, అన్ని దిక్కులకూ కనిపించే ఒక తెల్ల దీపాన్ని పెట్టుకోవచ్చు. పక్క దీపాలు ఒక్కొక్కటి 112.5 డిగ్రీల మేర వెలుగు చూపాలి. అవి కనీసం ఒక నాటికల్ మైలు (సుమారు 1.85 కిలోమీటర్లు), తెల్ల దీపం రెండు నాటికల్ మైళ్ల దూరం కనబడాలి. తెల్ల దీపం పక్క దీపాల కంటే కనీసం ఒక మీటరు ఎత్తులో ఉండాలి. 7 మీటర్ల లోపు ఉండి, గరిష్ఠ వేగం 7 నాట్లు (గంటకు సుమారు 13 కిలోమీటర్లు) దాటని పడవ తెల్ల దీపం ఒక్కటి చూపినా సరిపోతుంది, వీలైతే పక్క దీపాలు కూడా ఉంచుకోవాలి. తెడ్లతో నడిచే పడవలో కనీసం ఒక టార్చి చేతికి అందేలా ఉండాలి. లోతట్టు జలాల్లో స్థానిక నియమాలు అదనంగా ఉండవచ్చు, వాటినీ చూసుకోవాలి.

ఈ నియమాల్లోనే అలంకరణ ప్రియులు గమనించవలసిన మాట ఒకటి ఉంది. నిర్దేశించిన దీపాలుగా పొరబడే అవకాశమున్న, లేదా వాటిని కనబడకుండా చేసే ఏ ఇతర వెలుతురునూ చూపకూడదు. పడవ అంచు బయటి వైపు ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీ పట్టీలు అతికించడం అందుకే ప్రమాదకరం. ఎదురుగా వచ్చే పడవ నడిపేవారు ఆ రంగులను చూసే మీరు ఏ వైపు వెళ్తున్నారో నిర్ణయించుకుంటారు. రంగు దీపాలు ఏవైనా అంచు కంటే కిందికి, లోపలి వైపుకు తిరిగి ఉండాలి.

పని దీపాల్లో ఏ రకం

పాత హాలోజన్ బల్బును ఉంచుకోవాలా, ఎల్ఈడీకి మారాలా అన్న సందేహం ఇప్పుడు అక్కర్లేదు. 35 వాట్ల హాలోజన్ ఎనిమిది గంటలు వెలిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 23 ఆంపియర్ అవర్లు లాగుతుంది. అదే పనికి సరిపడే 10 వాట్ల ఎల్ఈడీ ఏడు కూడా లాగదు. ఎన్నుకోవలసింది ఎల్ఈడీల్లో ఏ రూపం అన్నదే.

పట్టీ రూపంలో వచ్చేవి అంచు కింద పొడవునా మెత్తని వెలుతురు ఇస్తాయి, నీడలు తక్కువగా పడతాయి. కానీ వాటిలో చాలా తేడాలున్నాయి. మీటరుకు 4.8 వాట్ల పట్టీ నాలుగు మీటర్లు వేస్తే 1.6 ఆంపియర్లు, మీటరుకు 14.4 వాట్లదైతే అదే పొడవుకు 4.8 ఆంపియర్లు. పడవ లోపలికి మొదటిదే సరిపోయి మిగులుతుంది, రెండవది కళ్లకు ఇబ్బంది. మరో సమస్య వోల్టేజీ. ఈ పట్టీల్లో సాధారణంగా మూడేసి ఎల్ఈడీలకు ఒక నిరోధకం మాత్రమే ఉంటుంది. ఇంజిను బ్యాటరీని చార్జి చేస్తున్నప్పుడు 12 వోల్టులు 14.4 దాకా పెరుగుతాయి. వోల్టేజీ ఐదో వంతు పెరిగితే ప్రవాహం అంతకంటే చాలా ఎక్కువ పెరిగి, పట్టీ వేడెక్కి, కొన్ని నెలల్లో భాగాలు భాగాలుగా ఆరిపోతుంది. దీన్ని తప్పించుకోవాలంటే 10 నుంచి 30 వోల్టుల వరకు పనిచేస్తుందని రాసి ఉన్న, లోపల నియంత్రకం ఉన్న దీపాలనే కొనాలి.

ఇటువంటి నియంత్రకం ఎక్కువగా ఉండేది గట్టి డబ్బాలో మూసిన చిన్న గుండ్రని దీపాల్లో. అందుకే ఒకే పొడవైన పట్టీ కంటే మూడు నాలుగు విడి దీపాలను నేను మెచ్చుకుంటాను. ఒకటి పాడైతే మిగతావి వెలుగుతాయి, దాన్ని ఒక్కదాన్నే మార్చవచ్చు. పట్టీనే కావాలనుకునేవారు వెనుక ఉన్న జిగురును నమ్మకుండా, అల్యూమినియం గాడిలో కూర్చి మరలతో బిగించాలి. కత్తిరించిన చివరను సిలికాన్‌తో, మూతతో తిరిగి మూయకపోతే ఆ పట్టీపై రాసిన జలనిరోధకత అక్కడితో ముగిసినట్లే.

ఆ జలనిరోధక సంఖ్యలను కూడా అర్థం చేసుకుని కొనాలి. ఐపీ 65 అంటే నీటి ధారకు ఓర్చుకుంటుంది. ఐపీ 67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకుంటుంది. ఐపీ 68 అంటే తయారీదారు చెప్పిన లోతులో ఎక్కువసేపు మునిగి ఉండగలదు. నేలకు దగ్గరగా ఉండే దీపాలకు 67 కంటే తక్కువ తీసుకోకూడదు. ఈ పరీక్షలు మంచినీటితో చేసేవి కనుక, ఉప్పుకు మరలు తుప్పు పడతాయా, ఎండకు పైపొర పసుపు పడుతుందా అన్నవాటికి ఆ సంఖ్య హామీ కాదు. సిలికాన్ తొడుగు ఉన్నవి ఎండను బాగా తట్టుకుంటాయి.

రంగు విషయంలో తెలుపు, ఎరుపు రెండూ విడి స్విచ్‌లతో ఉండటం ఉత్తమమైన ఏర్పాటు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. తెల్ల దీపం ఒక్కసారి వేస్తే ఆ అలవాటు పోతుంది. మసక ఎరుపు వెలుతురు ఆ దృష్టిని అంతగా చెడగొట్టదు. పడవ నడిచేటప్పుడు ఎరుపు, ఆగి ముల్లు విప్పేటప్పుడు తెలుపు వాడుకోవాలి. పురుగుల బెడద ఉన్న నీటిలో తెలుపుకు బదులు కాషాయపు పసుపు దీపం వాటిని తక్కువగా ఆకర్షిస్తుంది. నీటిలోకి దించే ఆకుపచ్చ దీపం చిన్న ప్రాణులను, వాటి కోసం వచ్చే చిరు చేపలను చేరదీస్తుంది, మసక నీటిలో అది దూరం పోతుంది; తేటగా ఉన్న లోతైన నీటిలో నీలం ఇంకా దూరం పోతుంది. అయితే దీపపు వెలుగులో చేపలు పట్టడాన్ని నిషేధించిన చోట్లు ఉన్నాయి, ముందుగా తెలుసుకున్న తరువాతే దాన్ని కొనాలి.

తీగలు, ఫ్యూజులు

దీపానికి పెట్టే ఖర్చులో కొంత తగ్గించి తీగకు పెట్టడం మంచిది. మామూలు రాగి తీగ ఉప్పుగాలికి లోపలే నల్లబడి పెళుసవుతుంది. ప్రతి పోగుకూ తగరం పూత ఉన్న, అనేక పోగుల మెరైన్ తీగ ఏళ్ల తరబడి నిలుస్తుంది. మందాన్ని ఊహతో కాక లెక్కతో ఎంచుకోవాలి, ఆ లెక్కలో పోయే దారి, వచ్చే దారి రెండూ కలపాలి. బ్యాటరీ నుంచి అయిదు మీటర్ల దూరంలో ఉన్న దీపం రెండు ఆంపియర్లు లాగితే, 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో నాలుగో వంతు వోల్టు, అంటే రెండు శాతం మాత్రమే పోతుంది. అదే తీగలో అయిదు ఆంపియర్లు పంపితే అయిదు శాతం పోతుంది. చట్టం అడిగే దీపాలకు మూడు శాతం మించకూడదని, ఇతర దీపాలకు పది శాతం వరకు ఫరవాలేదని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం చెబుతోంది. కాబట్టి వాటికి విడి తీగ, విడి స్విచ్ ఇవ్వాలి.

ఫ్యూజు దీపాన్ని కాపాడటానికి కాదు, తీగ మండకుండా కాపాడటానికి ఉంటుంది. అది బ్యాటరీ కొనకు వీలైనంత దగ్గరలో, సాధారణంగా 18 సెంటీమీటర్ల లోపు ఉండాలి, దాని విలువ తీగ భరించగల ప్రవాహాన్ని మించకూడదు. తీగల కొనలు మెలిపెట్టి టేపు చుట్టిన కలయికలు పడవలో ఎంతోకాలం నిలవవు. లోపల జిగురు ఉండి, వేడికి ముడుచుకునే తొడుగున్న క్రింప్ కనెక్టర్లు (నొక్కి బిగించే తీగ కలుపుళ్లు) వాడాలి. టంకం ఒక్కదాన్నే నమ్ముకుంటే, అది తీగను బిరుసుగా చేసి అదుర్లకు విరిగేలా చేస్తుంది. అల్యూమినియం పడవ శరీరాన్ని తిరుగు తీగగా ఎన్నటికీ వాడకూడదు, అలా చేస్తే విద్యుత్తు లోహాన్నే తినేస్తుంది. పెట్రోలు ఆవిరి చేరే మూసిన గదిలో నిప్పురవ్వ పుట్టించే మామూలు స్విచ్‌లు ఉంచకూడదు.

తీగలు తెగకుండా పట్టుకునే పిన్నులు సుమారు అర మీటరుకు ఒకటి చొప్పున వేయాలి. నేల కింద పోయే చోట వాటిని గొట్టంలో ఉంచి, అందులో ఒక ఖాళీ దారం కూడా వేసి ఉంచితే, రేపు మరో తీగ లాగవలసి వచ్చినప్పుడు నేల విప్పే పని తప్పుతుంది. నాసిరకం నియంత్రకాలున్న ఎల్ఈడీలు పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో గరగర పుట్టిస్తాయి, చేపల జాడ తీసే పరికరం తెరపై గీతలు చూపిస్తాయి. దీపాలను శాశ్వతంగా బిగించకముందే, రేడియో తెరిచి ఉంచి ఒక్కొక్క దీపం వేసి ఆర్పి చూడాలి.

ఎవరికి ఏది

ఉప్పునీటిలో తరచుగా, కష్టంగా వాడే ఫైబర్ పడవకు సన్న గుళికల పాలీయురేథేన్ పూత, చుక్కాని దగ్గర ఒక రబ్బరు పరుపు, నాలుగు విడి ఎల్ఈడీలు సరిపోతాయి. చెరువులో, నదిలో నిలబడి గాలం విసిరే అల్యూమినియం పడవకు విప్పగల పలకలపై లేత రంగు ఈవీఏ, అంచు కింద తెలుపు, ఎరుపు దీపాలు మేలు. పాత చెక్క పడవలో, నేలను అతికించే ఆలోచనే మానుకుని, ఎత్తి ఆరబెట్టగల చెక్క పలకల మీద రంగు వేయడం అన్నింటికంటే సురక్షితం.

బ్యాటరీ, తీగలు అమర్చుకునే స్థోమత ఇప్పుడే లేనివారు బాధపడనక్కర్లేదు. తలకు కట్టుకునే, ఎరుపు వెలుగు కూడా ఉన్న ఒక మంచి దీపం, చట్టానికి సరిపడే విడి దీపాలు వారికి ఈ ఏడాదికి చాలు. ఉన్న డబ్బుతో ముందు అడుగు పలకను సరిచేసుకుని, తీగల కోసం గొట్టం ఒకటి వేసి ఉంచుకోవచ్చు. దీపాలను ఇంజిను నడిపే బ్యాటరీ నుంచి కాక వేరే బ్యాటరీ నుంచి వెలిగించుకోగలిగితే, రాత్రంతా వెలుగుతూ ఉన్నా తిరిగి ఒడ్డుకు రావడానికి కావలసిన శక్తి మిగిలి ఉంటుంది. సీసపు ఆమ్లం బ్యాటరీ సామర్థ్యంలో సగానికి మించి వాడుకోకూడదు కాబట్టి, ఆ లెక్కతోనే దాని పరిమాణాన్ని ఎంచుకోవాలి.